జారిన ఒత్తు

రాత్రి పదకొండున్నర. పెరంబూర్‌లో కరెంటు వచ్చింది.
ఇన్వర్టరు ఒక్కసారి కీచుమని ఊరుకుంది.
నేను నూట పద్నాలుగో పేజీలో ఉన్నాను.

తీగల మీద పోయే మూటల్ని
ఆపకుండా, చాటుగా నిలబడి
లెక్కపెట్టే పనిముట్టు ఇది.
చేసినవాడు పోలండ్‌లో ఉంటాడట.
లెక్కలో పొల్లు పోదు.
ఎలా వాడాలో చెప్పే పుస్తకంలోనే
ముద్ద ముద్దకీ పంటికింద రాయి.

'ప్యాకెట్' ఉండాల్సిన చోట 'పాకెట్'.
సెకనుకి నలభై వేల జేబులు జారిపోతున్నాయట.
'రిసీవ్'లో ఈ, ఐ
ఎవరు ముందు నిలబడాలో తేలక
రేషన్ క్యూలోలా తోసుకుంటున్నాయి.
ఎనభై మూడులో 'ది' అని రెండుసార్లు.
నత్తి కాదు. పంక్తి విరిగిన చోట
కన్ను గెంతేసింది, అంతే.

చూలై ప్రెస్సులో ప్రూఫులు చూసిన మునిరత్నం మామ
నాకు నేర్పింది ఒక్కటే:
"అర్థమైతే తప్పు కనపడదే అమ్మీ.
అర్థం కాకుండా చదువు."
పేజీని కిందినుంచి పైకి,
మాటని చివరినుంచి మొదటికి
గోరుతో గీరుకుంటూ వచ్చేవాడు.
క్యాలెండర్లు, పెళ్లిపత్రికలు,
ఒకసారి ఎలుకలమందు కరపత్రం.
అన్నిటికీ అదే గోరు.

ఆ గోరుకే తగిలింది ఇవాళ
"ఈ ఆప్షన్ పెడితే పాత రికార్డు చెరిగిపోదు" అనాల్సింది
"ఇప్పుడు చెరిగిపోతుంది" అని ఉండటం.
ఇంగ్లీషులో ఆ రెంటికీ ఒక్క అక్షరమే తేడా,
'నాట్' చివర టీ తీసి డబ్ల్యూ పెడితే 'నౌ'.
కీబోర్డు మీద అవి పక్కపక్కన కూడా ఉండవు.
వేలు అంత దూరం ఎందుకు వెళ్లిందో.
ఏ ఊళ్లోనో, రాత్రి రెండింటికి,
సర్వరు కుప్పకూలి చెమటలు కక్కుతున్న కుర్రాడొకడు
ఈ వాక్యాన్ని నమ్మి
చెయ్యి వెనక్కి తీసుకునే ఉంటాడు.
దొంగ జాడ ఆ పూటకి పోయే ఉంటుంది.

దిద్దాను. పంపాను.
ఇరవై నిమిషాల్లో పోలండ్ నుంచి జవాబు:
"కలిపేశాను. కృతజ్ఞతలు, విబావరి."

విబావరి.
తప్పు అతనిది కాదు, నేను అలాగే సంతకం చేస్తాను.
కొరుక్కుపేట బడిలో నా పేరు రాసుకున్న మల్లిగ టీచరు భాషలో
మా ప, ఫ, బ, భ నలుగురికీ ఒకటే గుడిసె.
అక్కణ్ణుంచి ఇంగ్లీషులోకి మారేటప్పుడు
హెచ్ ఒకటి దారిలో జారిపోయింది.
టీసీలో అదే, పాన్‌లో అదే, పీఎఫ్‌లో అదే.
మార్పించుకుందామని ఓసారి ఎగ్మూర్‌లో నోటరీ దగ్గరికి వెళ్తే
కాగితాలన్నీ పేకముక్కల్లా పరిచి చూశాడు.
"ఒకదాన్ని ఒకటి ఆనుకుని నిలబడ్డాయమ్మా.
ఏది లాగమంటావు?"
వంద రూపాయలు తీసుకుని
ఏదీ లాగకుండా పంపాడు.

ఇంకో పదిహేడు పేజీలు.
ఎక్కణ్ణుంచి వచ్చావు అని
ప్రతి మూటనీ అడిగే గడి ఒకటుంది, 'రిఫరర్'.
దాంట్లో ఒక ఆర్ లేదు.
దొరికిందని సంబరంగా చేర్చి పంపాను.
ఈసారి జవాబు వెంటనే వచ్చింది, సున్నితంగా:
"ఇది ముట్టకండి.
ముప్పై ఏళ్ల కిందట ఎవరో తప్పు రాశారు.
లోకంలోని యంత్రాలన్నీ అలాగే నేర్చుకున్నాయి.
సరిగ్గా రాస్తే ఇప్పుడు ఎవరూ గుర్తుపట్టరు."

మీటరు పెట్టెలో ఏదో టిక్కుమంది.
చేర్చిన ఆర్ తీసేశాను.
ఆ ఖాళీ పక్కన కర్సరు
కాసేపు రెప్పలు కొట్టింది.
జవాబు కింద నా పేరు
తెలుగులో టైపు చేసి చూశాను, బ కింద ఆ చిన్న గీతతో సహా.
పంపలేదు.

నూట ముప్పై రెండు.
'సెపరేట్'లో ఏ బదులు ఈ.
దీన్ని దిద్దొచ్చు.